పొగడ చెట్లలో కిటికీలు

మంచివాడికి మొహమాటం ఉండకూడదండీ. ఉంటే ఏమవుతుందో నది ఒడ్డు పార్కు తోటమాలిని చూస్తే తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు, నాలుగు నెలల్లో రిటైర్మెంటు, ఒక్క మెమో అందుకున్న పాపాన పోలేదు. అలాంటి మనిషి తన నేరాన్ని తానే రుజువు చేసుకోవడానికి ఇంటింటికీ తిరిగి తలుపులు కొట్టాల్సి వచ్చింది.

నదికి ఇవతల ఒడ్డున పార్కు ఉంది. పార్కు వెనక నాలుగంతస్తుల ఇళ్ళ భవనం. నది వైపు కంచె వారగా ఏడు పొగడ చెట్లు వరసగా ఉంటాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వానాకాలంలో తోటమాలే వాటిని నాటాడు. అప్పటికవి జానెడు మొక్కలు. పశువులు నోరు పెట్టకుండా ముళ్ళకంప కట్టాడు, ఎండాకాలమంతా బిందెలతో నీళ్ళు మోశాడు. అతను ఇంటికి ఆలస్యంగా వస్తే, కొత్తగా కాపురానికొచ్చిన భార్య "ఎక్కడికెళ్ళావు?" అని అడగడం నెల రోజుల్లోనే మానేసింది. "ఇవాళ ఏ మొక్కకి జ్వరం?" అని అడిగేది.

చెట్లు బాగా పెరిగాయి. మరీ బాగా పెరిగాయి, అదే వచ్చిన చిక్కు. పొగడ గుబురు సంగతి తెలిసిందేగా, చీమ దూరే సందు ఇవ్వదు. పన్నెండో ఏడు వచ్చేసరికి, 'నది కనిపించే ఇళ్ళు' అని చెప్పి అమ్మిన ఆ భవనంలో ఒక్క ఇంటికీ నది కనిపించకుండా పోయింది.

ముందుగా దిగివచ్చింది రెండో అంతస్తు టీచరమ్మ. "ఇనప వంతెన చూసుకుంటూ కాఫీ తాగుదామని ఈ ఇల్లు కొన్నామయ్యా. ఇప్పుడు ఆకులు చూసుకుంటూ తాగుతున్నాం. ఒక్క కొమ్మ, ఒకే ఒక్క కొమ్మ తీసెయ్" అంది. పార్కు చెట్టు మీద ఆర్డరు లేకుండా కత్తెర పడితే ఉద్యోగం ఊడుతుందనీ, పార్కు మూల ఉన్న క్వార్టరు ఖాళీ చెయ్యాలనీ తోటమాలి చెప్పి చూశాడు. ఆవిడ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. అంతే, మనవాడు వెన్నలా కరిగిపోయాడు.

ఒకసారి కరిగినవాణ్ణి జనం గడ్డకట్టనిస్తారా? నాలుగో అంతస్తు లాయరు అవతలి ఒడ్డున ఉన్న స్టేడియం స్కోరుబోర్డు కనిపిస్తే చాలన్నాడు. మొదటి అంతస్తులో ఉండే సంఘం కార్యదర్శిది ఇంకో గోల. "అవతలి ఒడ్డున మా బావమరిది మూడంతస్తుల ఇల్లు కట్టాడు. పొద్దున్నే అది కళ్ళబడితే నాకు ముద్ద దిగట్లేదు. ఆ ఒక్క ఇల్లు మూసి, మిగతా నది తెరువు" అన్నాడు. మూడో అంతస్తు మామ్మగారు గడియార స్తంభం అడిగింది. వేళకి మాత్రలు వేసుకోవాలి, గోడ గడియారం అంకెలు ఆవిడకి ఆనవు. దూరపు చూపు మాత్రం భేషుగ్గా ఉంది, దగ్గరిదే అలుక్కుపోయింది. ఇలా ఒకరి తర్వాత ఒకరు వచ్చి అడిగి, మొత్తం ఏడు చెట్లలో పదమూడు కిటికీలు తెరిపించారు.

పని జరిగే తీరు కూడా చెప్పుకోవాలి. నిచ్చెన మీద ఉన్నవాడికి పై కిటికీలోంచి ఏం కనిపిస్తోందో తెలియదు. పైనుంచి అరిచి చెబుదామంటే ఇరుగుపొరుగుకి తెలిసిపోతుంది. తెలిస్తే "ఆవిడకి కోశావు, మాకెందుకు కొయ్యవు?" అని మీద పడతారు. దీనికి లాయరు బుర్ర ఒక ఉపాయం కనిపెట్టింది. అది దగ్గు. ఒకసారి దగ్గితే కుడికి, రెండుసార్లయితే ఎడమకి, మూడైతే పైకి, గొంతు సవరిస్తే ఆపెయ్యమని. ఎవరింట్లో వాళ్ళు దగ్గుకుంటే కాదనేవాడెవడు? తోటమాలికి ఈ పద్ధతి తెగ నచ్చి, అడిగిన ప్రతివాళ్ళకీ చెవిలో ఊదాడు, ఇంకెవరికీ చెప్పకండని ఒట్టు వేయించుకుని మరీ. దాంతో పద్దెనిమిదేళ్ళుగా ఆ భవనంలో ప్రతివాళ్ళూ ఈ గుట్టు తమ ఒక్కరిదే అనుకుంటూ బతికారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు మాత్రం, ఆదివారం పొద్దున్నే నాలుగంతస్తుల్లోంచీ దగ్గులు వినిపిస్తుంటే, ఇక్కడి గాలి పడదేమోనని ఖాళీ చేసి పోయేవారు.

"ఊరందరికీ నది చూపిస్తున్నావు. మన వంటింటి కిటికీలోంచి నాకేం కనిపిస్తోందో ఎప్పుడైనా చూశావా? చెట్టు మొదలు" అని భార్య దెప్పేది.

"సొంతానికి కోసుకుంటే తప్పు కదే" అనేవాడు ఈ నిజాయితీపరుడు. ఆవిడ నెత్తి కొట్టుకునేది.

ఈ ఏడాది పార్కుల శాఖవాళ్ళు నది ఒడ్డు చెట్లన్నిటికీ ఆరోగ్య పరీక్షలు పెట్టారు. చెట్ల డాక్టరు వచ్చాడు. మెడలో భూతద్దం, చేతిలో చిన్న సుత్తి, జేబులో సీసాలు. మొదటి పొగడ కింద నిలబడి తల పైకెత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. దట్టమైన గుబురులో గుండ్రటి రంధ్రాలు, ఎవరో కొలిచి పెట్టినట్టు. రెండో చెట్టు చూశాడు, మూడోది చూశాడు. పక్కన నిలబడ్డ తోటమాలి చేతిలోని నిచ్చెనని మెల్లగా వీపు వెనక్కి జరుపుకున్నాడు. దొరికిపోయానురా బాబూ అనుకున్నాడు.

"తెగులు" అన్నాడు డాక్టరు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "కొత్త తెగులయ్యా! ఏ పుస్తకంలోనూ లేదు. ఇరవై రెండేళ్ళుగా దీనికోసమే చూస్తున్నాను."

బతికిపోయాననుకుని తోటమాలి తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. అదే అతను చేసిన పెద్ద పొరపాటు. డాక్టరు ఆ తెగులుకి 'వలయ క్షయం' అని నామకరణం కూడా చేసి, నాలుగు సీసాల నిండా ఆకులు కోసుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. వలయ క్షయం అంటుకునే జబ్బు కాబట్టి, ఒడ్డు పొడుగునా ఉన్న చెట్లకి పాకకుండా ఈ ఏడింటినీ సోమవారం మొదలంటా నరికెయ్యాలి. నరికే చెట్లకి గుర్తుగా ఎర్ర రంగు పట్టీలు వేశారు. ఆ రంగు డబ్బా మోసింది తోటమాలే.

ఆ సాయంత్రం అతను కంచం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి కదలలేదు.

"నువ్వు నోరు విప్పావంటే నా మీద ఒట్టే" అంది భార్య. "నాలుగు నెలలు. ఎలాగో ఓపిక పట్టు. ఇప్పుడెళ్ళి నేనే కోశానంటే ఉద్యోగం పోతుంది, నెత్తి మీద కప్పు పోతుంది. చెట్లదేముంది, మళ్ళీ పెడతారు."

"పెడతారు. అవి ఇంత కావాలంటే ఇంకో ముప్ఫై ఏళ్ళు పడుతుందే. నేనుంటానా అప్పటికి?" అన్నాడు. "ఏ జబ్బూ లేదే వాటికి. గుండ్రాయిల్లా ఉన్నాయి. నా మొహమాటానికి వాటి పీక కోస్తున్నారు."

అని కంచం పక్కకి నెట్టి, పెద్ద మనిషి, పసిపిల్లాడిలా ఏడ్చాడు. పొద్దున లేచేసరికి ఉతికిన చొక్కా కుర్చీ మీద పెట్టి ఉంది.

"వెళ్ళి చెప్పు" అంది. "నేరం ఒప్పుకునేటప్పుడైనా గుండీలు సరిగ్గా పెట్టుకో."

శనివారం పొద్దున డాక్టరు పార్కులోనే ఉన్నాడు, చెట్లకి ఫొటోలు తీసుకుంటూ. తోటమాలి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, అది తెగులు కాదు. నేనే కోశాను."

డాక్టరు ముందు నవ్వాడు, తర్వాత జాలిపడ్డాడు. "చెట్లంటే ఎంత ప్రేమయ్యా నీకు! వాటికోసం నింద నెత్తిన వేసుకుంటున్నావు. నీలాంటివాళ్ళు ఇంకో పదిమంది ఉంటే..."

"ప్రేమ నిజమే సార్. కొయ్యడమూ నిజమే."

"పదమూడు రంధ్రాలు. ఒక్కోటి ఒక్కో ఎత్తులో, ఒక్కో ఏటవాలుతో. కింద నిలబడి ఇంత గురిగా ఎలా కోశావు? కొలిచే పరికరాలున్నాయా నీ దగ్గర?"

"లేవండి. దగ్గుతారండి."

డాక్టరు అతని నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. ఆయన బాధ ఆయనది. వచ్చే నెల చెట్ల డాక్టర్ల మహాసభలో వలయ క్షయం మీద మాట్లాడడానికి పిలుపు వచ్చింది, కొత్త కోటు కుట్టించుకున్నాడు కూడా. అలాంటివాడి దగ్గరికి వచ్చి నీ తెగులు తెగులే కాదంటే ఎలా మింగుడుపడుతుంది?

"సాక్ష్యం ఉందా?" అన్నాడు చివరికి.

"నాలుగంతస్తుల సాక్ష్యం ఉంది సార్. రండి."

ఉందనుకున్నాడు, పాపం. టీచరమ్మ తలుపు తీసి విషయం వినగానే తెల్లబోయింది. "నేనా? బళ్ళో పిల్లలకి పర్యావరణం పాఠం చెప్పినదాన్ని. నేను కొమ్మ కొయ్యమంటానా?" అంది. ఆవిడ వెనక కిటికీలో, ఆకుల నడుమ గుండ్రంగా, పటం కట్టినట్టు ఇనప వంతెన కనిపిస్తోంది.

"మరి అదేంటండీ?" అని అడిగాడు డాక్టరు.

"అదా... అది దేవుడి దయ."

నాలుగో అంతస్తులో లాయరు గుమ్మం దాటి బయటికి రాలేదు. "సార్, మీరే కదా స్కోరుబోర్డు..." అని తోటమాలి మొదలుపెట్టబోతే, ఆయన గట్టిగా గొంతు సవరించుకున్నాడు. పద్దెనిమిదేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? తోటమాలి నోరు టక్కున ఆగిపోయింది. ఆ సందులో తలుపు మూసుకుంది. మళ్ళీ మొదటి అంతస్తుకి దిగితే, సంఘం తీర్మానం లేకుండా తను నోరు విప్పకూడదని కార్యదర్శి కిటికీలోంచే చెప్పేశాడు. ఎవరికి వారే యమునా తీరే. నిచ్చెన ఎక్కించేటప్పుడు మాత్రం అందరూ ఉన్నారు.

మెట్ల మీద కూలబడ్డాడు తోటమాలి. "మీరే చెప్పండి సార్. టీచరమ్మకి వంతెన కావాలనీ, లాయరుగారికి స్కోరుబోర్డు కావాలనీ తెగులుకి ఎవరు చెప్పారు?"

డాక్టరు కాస్త తడబడ్డాడు గానీ లొంగలేదు. "ఇంత పెద్ద ఊళ్ళో చెట్టుకి ఎక్కడ చిల్లు పడ్డా ఏదో ఒకటి కనిపిస్తుందయ్యా. కాకతాళీయం అంటారు దాన్ని. సోమవారం పొద్దున కూలీలు వస్తారు. నువ్వు ఇంటికెళ్ళి పడుకో."

"ఏంటర్రా ఆ మెట్ల మీద గోల?" అని పైనుంచి కేక వినపడింది. మూడో అంతస్తు గుమ్మంలో మామ్మగారు నిలబడి ఉంది. ముసలావిడని ఇబ్బంది పెట్టడం దేనికని తోటమాలి ఆ తలుపు ఒక్కటీ కొట్టలేదు. ఆవిడ వెనక నుంచి కోడలు "మనకెందుకత్తయ్యా, లోపలికి రండి" అని చెంగు పట్టుకుని లాగుతోంది.

"నువ్వుండవే. నరికేది చెట్టుని, నన్ను కాదు. మనకెందుకని ఎలా ఊరుకుంటాను?" అని కసిరి, డాక్టరు వైపు తిరిగింది. "కోసింది వీడే నాయనా. కొయ్యమన్నది నేనే. రాసుకో."

డాక్టరు మెట్లెక్కి వచ్చాడు. "మీరేం అడిగారు మామ్మగారూ?"

"గడియార స్తంభం."

"కనిపిస్తోందా మరి?"

"ఎక్కడ కనిపిస్తుంది నా మొహం! వచ్చి చూడు."

తోటమాలికి ఏమీ అర్థం కాలేదు. తొమ్మిదేళ్ళుగా కింద కలిసినప్పుడల్లా "గడియారం బాగా కనిపిస్తోందా మామ్మగారూ?" అని అడిగేవాడు, "నీ చేతి చలవ నాయనా" అని ఆవిడ అనేది. అతను ఎప్పుడూ పైకి రాలేదు. ఏ ఇంటి కిటికీలోంచీ తన పని చూసుకోలేదు. ఇప్పుడు డాక్టరు భుజం మీంచి తొంగి చూశాడు. ఆకుల మధ్య చక్కటి గుండ్రటి కిటికీ ఉంది. అందులోంచి అవతలి ఒడ్డున ఒక పాత పసుపు గోడ, ఆ గోడకి తుప్పు పట్టిన పైపు, దాని పక్కన నీలం తలుపు కనిపిస్తున్నాయి. గడియారం లేదు. అది అక్కడికి బారెడు దూరంలో, ఆకుల వెనకాల హాయిగా దాక్కుని ఉంది.

"ఆ రోజు నాకు జలుబు" అంది మామ్మగారు. "నిజం దగ్గు. నేను ఆపుకోలేక దగ్గుతుంటే, వీడు కోసుకుంటూ పోయాడు. కుడికి, ఎడమకి, పైకి, మళ్ళీ కుడికి. గొంతు సవరిద్దామంటే గొంతు పెగల్లేదు. నేను పక్క మీదికి చేరాక గానీ వీడు నిచ్చెన దిగలేదు."

డాక్టరు అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. కాసేపు గోడనీ తోటమాలినీ మార్చి మార్చి చూశాడు. మెడలో భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. "తెగులు దాని దారిన అది తింటుంది" అన్నాడు నీరసంగా. "గడియారానికి గురిపెట్టి గోడకి కొట్టడం మనిషికే చేతనవుతుంది."

తోటమాలికి ఆ మాట చెవికెక్కలేదు. "మామ్మగారూ! తొమ్మిదేళ్ళు గోడ చూస్తూ కూర్చున్నారా! ఒక్క మాట చెబితే ఆ పూటే సరిచేసేవాణ్ణి కదండీ!"

"ఎలా సరిచేస్తావు? పక్కన ఇంకో కొమ్మ కోసి. అప్పటికే దాన్ని జల్లెడ చేసి పెట్టావు. నా ఒక్కదాని మాత్రల కోసం దానికి ఇంకో గాటా? చాల్లే అనుకున్నాను."

పద్దెనిమిదేళ్ళలో అందరూ తమ కిటికీ గురించే అడిగారు. చెట్టు గురించి ఆలోచించింది ఈవిడ ఒక్కతే. తానూ ఆలోచించలేదే అని తోటమాలికి సిగ్గుతో తల దిగిపోయింది.

"మరి వేళ ఎలా తెలుస్తుంది మీకు?" అని అడిగాడు డాక్టరు.

"ఆ గోడ మీద ఎండ పైపు దాటితే పొద్దుటి మాత్ర. నీలం తలుపు మీదికొస్తే మధ్యాహ్నం మాత్ర. గోడ దిగిపోతే రాత్రి మాత్ర."

"మబ్బు పట్టిన రోజు?"

"ఇదిగో, కోడలు అరుస్తుంది."

మెట్ల మీద చెవులు రిక్కించుకుని నిలబడ్డ జనానికి మొహాలు చెల్లలేదు. ముసలావిడ ఒప్పుకున్నాక తాము తప్పించుకోవడం ఏం మర్యాద? ముందు టీచరమ్మ వచ్చి "వంతెన నేనే అడిగాను" అని గొణిగింది. ఆ వెనకే కార్యదర్శి వచ్చి, తీర్మానం లేకుండానే బావమరిది సంగతి బయటపెట్టాడు. "అయితే అందరం దగ్గేవాళ్ళమేనన్నమాట" అని టీచరమ్మ అనేసరికి లాయరుకి ఒళ్ళు మండిపోయింది. "దగ్గు నేను కనిపెట్టింది! మీకెవరు చెప్పారు?" అని అరిచాడు. అందరూ కలిసి తోటమాలి వైపు తిరిగారు. మామ్మగారు అడ్డం రాకపోతే అతని పని ఆ పూటే అయిపోయేది.

డాక్టరు అక్కడే కాగితం తీసి నరికివేత ఆర్డరు రద్దు చెయ్యమని రాశాడు. రాస్తూ రాస్తూ ఆగాడు. "తెగులు లేదంటే చాలదయ్యా. కోసిందెవరో రాయాలి. రాస్తే నీ ఉద్యోగానికే ఎసరు. ఆలోచించుకో."

"రాయండి సార్" అన్నాడు తోటమాలి. "అక్షరాలు పెద్దగా రాయండి."

శాఖవాళ్ళు ఉద్యోగం పీకెయ్యాలనే చూశారు. భవనంలోని పదమూడు ఇళ్ళవాళ్ళూ తప్పు మాదేనని సంతకాలు పెట్టి పంపాక కొంచెం మెత్తబడ్డారు. క్వార్టరు ఖాళీ చెయ్యాలన్నారు. మిగిలిన నాలుగు నెలలూ అవతలి ఒడ్డున ఉన్న మొక్కల నర్సరీలో నీళ్ళు పొయ్యాలనీ, కత్తెర మాత్రం ముట్టుకోకూడదనీ తేల్చారు. సోమవారం కూలీలు వచ్చి ఎర్ర రంగు గీకేసి పోయారు. తోటమాలి ఏడు చెట్లనీ ఒకసారి నిమిరి, పెట్టె బేడా సర్దుకుని వంతెన దాటాడు. అవతల తీసుకున్న అద్దె గది కిటికీలోంచి నది ఈ చివర నుంచి ఆ చివరదాకా కనిపిస్తోంది. భార్య మూడు రోజులు ఎవరితోనూ పోట్లాడలేదు.

తోటమాలికి మాత్రం మనసు మనసులో లేదు. నర్సరీ అంటే ఒక పొడుగాటి పసుపు గోడ పక్కన వరసగా పెట్టిన కుండీలు. పెద్ద గొడుగు నీడలో నిలబడి మొక్కలకి నీళ్ళు పోస్తూ, క్షణానికోసారి నది అవతల ఉన్న తన పొగడ చెట్ల వైపు చూసేవాడు. ముప్ఫై ఏళ్ళు అటు ఉండి, ఇప్పుడు పరాయివాడిలా ఇటు నిలబడ్డానే అని గుండె పిండినట్టయ్యేది. అక్కడ తను లేని లోటు ఎవరికి తెలుస్తుందిలే అనుకునేవాడు.

నాలుగో రోజు పొద్దున ఫోను మోగింది.

"ఒరే నాయనా, ఆ పైపు దగ్గర గొడుగు కింద నిలబడింది నువ్వేనా?"

తోటమాలి ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. తుప్పు పట్టిన పైపు. పక్కన నీలం తలుపు. "నేనే మామ్మగారూ! కనిపిస్తున్నానా మీకు?"

"మూడు రోజుల నుంచీ చూస్తున్నాను. ఇవాళ ఆ గొడుగు తెచ్చి సరిగ్గా పైపుకి అడ్డం పెట్టావు. ఎండ దాటిందో లేదో తెలియక మాత్ర చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తియ్యి దాన్ని."

అతను గొడుగు మూసి, నీళ్ళ డబ్బా పట్టుకుని గోడ చివరిదాకా పరుగెత్తాడు. రొప్పుతూ అడిగాడు. "జరిగానండీ. ఇప్పుడు కనిపిస్తోందా?"

"ఎండ కనిపిస్తోంది. నువ్వు కనిపించట్లేదు" అంది మామ్మగారు. "మరీ అంత దూరం పోకు నాయనా. పైపుకి అడ్డం రాకుండా, నాకు ఆనేచోట నిలబడు."

తోటమాలి వెనక్కి నడిచి వచ్చి, నీలం తలుపు ముందు నిలబడ్డాడు.